ఇంటిపట్టున పని – ఎవరు ఎవరిని నమ్మాలి?

“ఇంటిపట్టున ఉండి నాలుగు పైసలు సంపాదించుకోవచ్చు కదా!” ఈ మాట మా ఇంట్లో రెండు తరాల ఆడవాళ్ళకు చెప్పారు. మొదట మా అమ్మకు, చేతికి తునికాకు కట్ట ఇచ్చి. ఆ తర్వాత మా అక్క కూతురికి, చేతికి లాప్‌టాప్ ఇచ్చి. ఇచ్చిన వస్తువు మారింది కానీ ఇచ్చేవాళ్ళ గొంతు మారలేదు. అది మేలు చేస్తున్నామనే గొంతు. పని చేయించుకుంటూనే ఆ పనిని తమ దయగా లెక్కగట్టే గొంతు.

2025 ఫిబ్రవరి 11న, సైన్సులో మహిళల, బాలికల అంతర్జాతీయ దినం సందర్భంగా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తమ రాష్ట్రంలో ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ను పెద్ద ఎత్తున, ముఖ్యంగా మహిళల కోసం తేవాలని ఆలోచిస్తున్నట్టు ప్రకటించారు. ఇందులో తప్పేముంది అనిపించవచ్చు. నాకు మాత్రం ‘ముఖ్యంగా మహిళల కోసం’ అన్నచోట ముల్లు గుచ్చుకుంది. పిల్లలు, ముసలివాళ్ళు, వంట, నీళ్ళు… ఇవన్నీ మగవాళ్ళు ఉండే ఇళ్ళల్లో కూడా ఉంటాయి కదా! ఇంటి నుంచి పని ముఖ్యంగా మగవాళ్ళ కోసం అని ఏ ప్రభుత్వమూ ఎందుకనదు? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు కూడా ఇదే జరిగింది. మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. మంచిదే. దాంతోపాటు, సెలవు ముగిసిన తల్లి యజమానితో ఒప్పందం కుదుర్చుకుని ఇంటి నుంచి పనిచేయవచ్చని కూడా రాశారు. అంటే ఇంటి నుంచి పని అనేది బాలింత మంచం పక్కన పుట్టింది. తండ్రి ఊసు అందులో లేదు.

ఇక కంపెనీల బాధ వేరు. ఇంట్లో కూర్చున్నవాళ్ళు నిజంగా పనిచేస్తున్నారా అన్నది వాళ్ళ అనుమానం. 2022 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ వెల్లడించిన అంతర్జాతీయ సర్వేలో, ఈ కొత్త పద్ధతి వల్ల ఉద్యోగులు సరిగా పనిచేస్తున్నారన్న నమ్మకం కలగడం కష్టంగా ఉందని 85 శాతం మంది పైఅధికారులు చెప్పారు. మేం బాగానే పనిచేస్తున్నామని 87 శాతం మంది ఉద్యోగులు చెప్పారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చడానికి ఇప్పుడు ఎన్ని శిక్షణా తరగతులు, ఎన్ని సాఫ్ట్‌వేర్లు! అన్నిటిలోనూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఉద్యోగిని నమ్మడం ఎలా? ఉద్యోగి తన యజమానిని నమ్మడం ఎలా అని అడిగినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు.

నా వాదన ఇది. నమ్మకం అనేది పనిచేసేవాళ్ళు రోజూ పరీక్ష రాసి తెచ్చుకోవలసిన మార్కు కాదు. పని ఇచ్చేవాళ్ళు ముందుగా చేసిపెట్టవలసిన ఏర్పాటు. ఈ సంగతి మేనేజ్‌మెంట్ పుస్తకాలకు కొత్త కావచ్చు. సిద్దిపేట, దుబ్బాక వాడల్లో చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళకు కొత్త కాదు.

బీడీల పని ఎలా జరుగుతుందో చూడని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. టేకేదారు దగ్గర ఆకు, తంబాకు, దారం తూకం వేయించుకుని ఇంటికి తెచ్చుకుంటారు. సాయంత్రం ఆకును నీళ్ళల్లో నానబెట్టి తడిగుడ్డలో చుట్టి పెడతారు. పొద్దున ఇంటిపని కాగానే రేకుముక్కను కొలతగా పెట్టి కత్తెరతో ఆకు కత్తిరిస్తారు. తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, చివర మడిచి, ఇరవై అయిదేసి చొప్పున కట్టలు కడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. వెయ్యి పూర్తయ్యేసరికి పొద్దు గుంకుతుంది, నడుం పడిపోతుంది. తంబాకు దుమ్ముకు దగ్గు, వంగి వంగి మెడనొప్పి. కట్టలు గంపలో పెట్టుకుని కార్ఖానాకు పోతే అక్కడ ఛాటన్ చేసే మనిషి ఉంటాడు. ఆయన కట్ట విప్పి, నలిపి, పారేసి, కొన్ని ‘బాగున్నయ్’ అంటాడు, కొన్ని ‘బాగలేవు’ అంటాడు. ఎందుకు బాగలేవో చెప్పడు.

ఇందులో ఈ కాలపు ‘రిమోట్ వర్క్’ లక్షణాలన్నీ ఉన్నాయి చూడండి. యజమాని కంటికి కనబడని పనిచోటు. గంటల్లో కాకుండా ఫలితంలో కొలత. నాణ్యత పరీక్ష. చాపకూ కరెంటు బల్బుకూ అద్దె లేదు, ఇల్లే కార్ఖానా. మరి ఇక్కడ అనుమానం ఎవరి మీద? ఆకు తక్కువిచ్చి బీడీలు మాత్రం పూర్తిగా అడిగేవాడి మీద కాదు. చుట్టే ఆమె మీద! ఆకు దాచుకుందేమో, తంబాకు అమ్ముకుందేమో, చిన్నగా కత్తిరించి మిగుల్చుకుందేమో అని. మా అమ్మ ఒకసారి “గింత ఆకు ఇచ్చి వెయ్యి తెమ్మంటే యాడికెల్లి తెచ్చేది?” అని టేకేదారును అడిగింది. మరుసటి వారం ఆమె కట్టల్లోంచి ఎప్పుడూ లేనన్ని పక్కన పడ్డాయి. పక్కన పెట్టిన బీడీలకు కూలి ఇవ్వలేదు. పోనీ, బాగలేనివైతే ఆమెవి ఆమెకు తిరిగివ్వాలి కదా? అవీ ఇవ్వలేదు. నేను అప్పుడు ఏడో తరగతి. ఆ సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా ఆకు నానబెట్టింది. తగ్గిన ఆకును మా పక్కింటామె దగ్గర డబ్బులిచ్చి కొన్నది. అంటే, తనకు కూలి ఇచ్చేవాడికి తానే ఎదురు పెట్టుబడి పెట్టింది!

ఇంకో సంగతి. అమ్మ చుట్టిన వెయ్యిలో నావి ఎన్ని? చివర మడిచే పని నాది, మా అక్కది. బడి నుంచి రాగానే చాట చుట్టూ కూర్చునేవాళ్ళం. కార్ఖానా పుస్తకంలో ఉన్నది అమ్మ పేరొక్కటే. పనిని ఫలితంతో మాత్రమే కొలిచి, అది ఎన్ని చేతులు, ఎన్ని గంటలు మింగిందో అడగకపోతే ఇంటిల్లిపాదీ ఆ లెక్కలోకి మాయమైపోతారు. అమ్మ పేరన్నా పుస్తకంలో ఉంది. వాడకట్టులో కార్డు లేని ఆడవాళ్ళు ఇంకొకరి కార్డు మీద చుట్టేవారు. వాళ్ళు చేసిన పని ఉంది, వాళ్ళు లేరు. మా సిద్దిపేట గొల్లభామ చీరల సంగతీ అంతే. నేసినవాడు నేతకారుడు. కండెలు చుట్టి, ఆసు పోసిన ఇల్లాలు ‘ఇంట్లో ఉంటది’.

ఈ ‘ఇంట్లో ఉంటది’ అన్న మాటను మరియా మీస్ 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పుస్తకంలో విప్పి చూపించారు. పశ్చిమగోదావరిలో లేసు అల్లే వేలమంది ఆడవాళ్ళను గృహిణులుగానూ, వాళ్ళ పనిని తీరిక వేళల కాలక్షేపంగానూ చూపించడం వల్లనే విదేశాలకు ఎగుమతి చేసే వ్యాపారులకు అంత చవగ్గా శ్రమ దొరికిందని ఆమె వాదన. ఆమె దానికి పెట్టిన పేరు గృహిణీకరణ. ఆ పుస్తకాన్ని మనం క్లాసుల్లో పాఠంగా చెప్తాం, సెమినార్లలో ఉటంకిస్తాం. 2020లో మన చేతికి లాప్‌టాప్ వచ్చి మనమే వంటింటి గట్టు మీద కూర్చున్నప్పుడు, అది మన గురించి కూడా అని ఎంతమందికి తోచింది?

అయితే బీడీల చరిత్ర కన్నీళ్ళ చరిత్ర మాత్రమే కాదు. అందులో మన కాలానికి పనికివచ్చే పోరాటం, చట్టం ఉన్నాయి. దాన్ని మరిచిపోవడం మనకే నష్టం. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. ఇంటి దగ్గర చుట్టేవాళ్ళను కూడా ఉద్యోగులుగా గుర్తించింది. ఆ చట్టం 39వ సెక్షనులో, ముడిసరుకు ఇవ్వడం మీద, చుట్టిన బీడీలను తిరస్కరించడం మీద, తిరస్కరించినవాటి కూలి మీద తగవు వస్తే తీర్చడానికి ప్రభుత్వం ఒక అధికారిని పెట్టవచ్చని ఉంది. ఆలోచించండి, అరవై ఏళ్ళ కిందటే! కనిపించని చోట పనిచేసేవాళ్ళకూ చేయించుకునేవాళ్ళకూ మధ్య నమ్మకం ఎక్కడ తెగుతుందో ఆ సెక్షను రాసినవాళ్ళకు తెలుసు. సామగ్రి దగ్గర, తిరస్కారం దగ్గర, డబ్బు దగ్గర. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టం పోయినా అది గుర్తించిన ఆ మూడు చోట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

కోర్టుల్లో జరిగింది ఇంకా ఆసక్తికరం. ఇంట్లో చుట్టేవాళ్ళు మా ఉద్యోగులు కారు, మేం వాళ్ళ పనిని పర్యవేక్షించడం లేదు కదా అని యజమానులు వాదించారు. ఈ వాదన ఎంత తెలివైనదో చూడండి: నేను నిన్ను చూడటం లేదు కాబట్టి నీకు నేనేమీ కాను! మన రాష్ట్రం నుంచి వెళ్ళిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో సుప్రీంకోర్టు, బట్ట ఇంటికి తీసుకెళ్ళి కుట్టినా సరే, కుట్టింది బాగలేదని తిరగ్గొట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ళ అదుపులోనే పనివాళ్ళు ఉన్నట్టని చెప్పింది. బీడీ పరిశ్రమను 1977లో ప్రావిడెంట్ ఫండ్ చట్టం కిందికి తెచ్చారు. దాని మీద వెళ్ళిన పి.ఎం.పటేల్ అండ్ సన్స్ కేసులో 1985లో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని ఇంటి దగ్గర బీడీలు చుట్టేవాళ్ళకు వర్తింపజేసింది. ఛాటన్ చేసి పక్కన పారేసే హక్కు ఉంటే పి.ఎఫ్. కట్టే బాధ్యత కూడా ఉంటుందన్నమాట. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవన భృతి ఇచ్చినప్పుడు, దాన్ని 2019లో 2,016 చేసినప్పుడు, అర్హతకు ఆధారం ఆ పి.ఎఫ్. నంబరే. పుస్తకంలో పేరెక్కినామెకు వచ్చింది. ఇంకొకరి కార్డు మీద చుట్టినామెకు రాలేదు. నమ్మకం రాతలో ఉండటానికీ నోటిమాటగా ఉండటానికీ తేడా ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడ కనబడుతుంది?

ఇప్పుడు మా అక్క కూతురి సంగతికి వస్తాను. హైదరాబాద్‌లో ఉద్యోగం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే సిద్దిపేటకు వచ్చేసింది. పెళ్ళయ్యాక అత్తగారిల్లు కూడా ఇక్కడే కావడంతో, కంపెనీ ఒప్పుకున్నంత కాలం ఇక్కడి నుంచే పనిచేసింది. ఆ కంపెనీ ఆమె లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం పెట్టింది. కొన్ని నిమిషాలు మౌస్ కదలకపోతే పేరు పక్కన పచ్చచుక్క పోయి ఎర్రచుక్క వస్తుంది. అప్పుడప్పుడూ తెర ఫోటో దానంతటదే పైవాళ్ళకు పోతుంది. కాగితం మీద లెక్క వేసుకుంటూ ఆలోచిస్తున్నంతసేపూ ఆమె ‘పనిలో లేదు’. ఏదో ఒక ఫైలును ఊరికే పైకీ కిందికీ జరుపుతున్నంతసేపూ ఆమె ‘పనిలో ఉంది’. “చిన్నమ్మా, పని ఆగినా ఫర్వాలేదు, మౌస్ ఆగొద్దు” అన్నది ఒకరోజు. ఒక మీటింగులో కుక్కర్ విజిల్ వినబడితే ఆమె మేనేజరు “వంట ఏంటి ఇవాళ?” అని నవ్వాడట. ఆయన భార్య కూడా ఆ సమయానికి ఎక్కడో కుక్కర్ పెట్టే ఉంటుంది. ఆ విజిల్ ఆయన మైకులోకి రాకుండా ఆమె తలుపు మూసి ఉంటుంది, అంతే తేడా.

ఆ ఏడాది ఆమె జీతం అందరికంటే తక్కువ పెరిగింది. కారణం అడిగితే ‘విజిబిలిటీ’ లేదన్నారు. కనబడలేదని! ఏ పని తక్కువైందో చెప్పలేదు. మా అమ్మ కట్టలు ఎందుకు బాగలేవో చెప్పని ఆ కార్ఖానా మనిషి నాకు గుర్తొచ్చాడు.

ఇది ఒక్క అమ్మాయి కథ అనుకోవద్దు. చైనాలో సీట్రిప్ అనే ప్రయాణ సేవల కంపెనీలో 2010-11లో తొమ్మిది నెలలపాటు ఒక ప్రయోగం జరిగింది. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం 2015లో దాని ఫలితాలు ప్రచురించింది. ఇంటి నుంచి పనిచేసినవాళ్ళ పనితీరు 13 శాతం మెరుగైంది. కానీ అంతే బాగా పనిచేసిన ఆఫీసువాళ్ళతో పోలిస్తే వాళ్ళకు ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. పని ఎక్కువ, ఎదుగుదల తక్కువ. ఈ సూత్రం ఆడవాళ్ళకు ఎవరైనా కొత్తగా చెప్పాలా? అదే కంపెనీలో 1,612 మందితో చేసి 2024లో ప్రచురించిన ఇంకో అధ్యయనం కూడా ఉంది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిస్తే ఉద్యోగం మానేసేవాళ్ళు మూడోవంతు తగ్గారు. ఆ మేలు ఎక్కువగా ఆడవాళ్ళలో, దూరం నుంచి వచ్చేవాళ్ళలో కనిపించింది. ప్రమోషన్లలో తేడా రాలేదు. ప్రయోగానికి ముందు దీనివల్ల పని దెబ్బతింటుందని భయపడిన మేనేజర్లు, అయిపోయాక మెరుగవుతుందని అభిప్రాయం మార్చుకున్నారు. అంటే అనుమానం అనుభవంలోంచి వచ్చింది కాదు, అనుభవం లేకపోవడంలోంచి వచ్చింది. ఇంకో సంగతి కూడా గమనించాలి. అందరికీ వర్తించే ఏర్పాటుగా పెడితే ఎవరికీ శిక్ష కాలేదు. ‘ముఖ్యంగా మహిళల కోసం’ అని పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇంకో తమాషా. 2022 సెప్టెంబర్‌లో విప్రో కంపెనీ, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది. దేశమంతా ‘మూన్‌లైటింగ్’ మీద నీతి పాఠాలు మొదలయ్యాయి. ఒక మనిషి రెండు ఉద్యోగాలు చేయవచ్చా? అది మోసం కాదా? ఆ చర్చ వింటూ నేను నవ్వుకున్నాను. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు గడుపుతున్నారు. 2024 సర్వేలో ఇది 289, 88 అయింది. అయిదేళ్ళలో మహమ్మారి వచ్చి పోయింది, ఊరంతా ఇళ్ళల్లో కూర్చుంది. ఆడవాళ్ళకు తగ్గింది పది నిమిషాలు, మగవాళ్ళకూ తొమ్మిది నిమిషాలు తగ్గింది! పుట్టిన దగ్గర్నుంచీ రెండో ఉద్యోగం చేస్తున్నవాళ్ళం మనం. మనల్ని ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే ఆ ఉద్యోగానికి జీతం లేదు.

“బీడీలకూ సాఫ్ట్‌వేర్‌కూ పోలికా?” అని అడిగేవాళ్ళున్నారు. తేడా ఉంది, ఒప్పుకుంటాను. కులం తేడా, వర్గం తేడా, చదువు తేడా. మా అక్క కూతురికి నెల తిరిగేసరికి బ్యాంకులో జీతం పడుతుంది. మా అమ్మ వాళ్ళు పి.ఎఫ్. కార్డు కోసం జెండాలు పట్టుకుని రోడ్డెక్కాల్సి వచ్చింది. కానీ ఆ తేడావల్లనే ఈ పాఠం ఇంకా ముఖ్యం. హక్కులన్నీ రోడ్డెక్కి తెచ్చుకున్నవాళ్ళ దగ్గర్నుంచి, హక్కులు వాటంతటవే ఉంటాయనుకునేవాళ్ళు నేర్చుకోవలసింది ఉంది. “ఇంటి నుంచి పని అంటేనే బందిఖానా, ఆడవాళ్ళు బయటికి రావాలి” అనే స్నేహితురాళ్ళు కూడా నాకున్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ సిద్దిపేట నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. 2023 అక్టోబర్‌లో రైలు వచ్చినా అది మా ఇళ్ళల్లోని పసిపిల్లలను చూసుకోదు. ఇంటి నుంచి పని లేకపోతే ఆ అమ్మాయికి మిగిలేది ఆఫీసు కాదు, ఇల్లు మాత్రమే. కాబట్టి వద్దు అనడం కాదు, ఏ షరతుల మీద అన్నది మన ప్రశ్న కావాలి.

ఆ షరతులు నేను చెప్తాను. వీటిని మా అమ్మ వాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్నాను, కొన్నిటిని మా అక్క కూతురి రెండో మేనేజరు దగ్గర్నుంచి. ఆమె కూడా ఒక తల్లే. కానీ నేను ఆమెను మెచ్చుకునేది తల్లి అయినందుకు కాదు, పద్ధతి తెలిసినందుకు.

మొదటిది, కొలత ముందే చెప్పాలి. ఈ వారం ఏది పూర్తి కావాలి, ఎలా ఉంటే బాగున్నట్టు, ఎవరి దగ్గర్నుంచి ఏది అందాలి – ఇవి సోమవారం పొద్దున రాతలో ఉండాలి. ఆ మేనేజరు వచ్చిన మొదటి నెలలోనే చుక్కల లెక్క చూడటం మానేసింది, దాని బదులు ఈ కాగితం పెట్టింది. కానీ కొలత ఒక్కటే చాలదు. ఆకు సరిగా ఇవ్వకుండా బీడీలు అడగకూడదు. కావలసిన సమాచారం, అనుమతులు, జవాబు చెప్పే మనిషి సమయానికి అందాలి. అందకపోతే ఆ ఆలస్యం ఇచ్చేవాళ్ళ ఖాతాలో పడాలి.

రెండోది, తిరస్కారం కళ్ళముందు జరగాలి. పని బాగలేకపోతే ఎక్కడ బాగలేదో రాసి ఇవ్వాలి, దిద్దుకునే అవకాశం ఇవ్వాలి, జవాబు చెప్పుకునే చోటు ఉండాలి. ‘కనబడలేదు’ అన్నది కారణం కాదు. ప్రమోషన్ల జాబితా తీసిన ప్రతిసారీ, ఇంటి నుంచి పనిచేసినవాళ్ళు ఎందరు, అందులో ఆడవాళ్ళు ఎందరు అని పక్కన రాసి అందరికీ చూపించాలి.

మూడోది, ఖర్చు, వేళ. దారం, కత్తెర, తగ్గిన ఆకు చుట్టేవాళ్ళ నెత్తిన వేసినట్టే కరెంటు, ఇంటర్నెట్, కుర్చీ ఉద్యోగి నెత్తిన వేస్తున్నారు. 2021లో పోర్చుగల్ ఇలాంటి అదనపు ఖర్చులు యజమానే భరించాలని, పనివేళలు దాటాక ఉద్యోగులను పలకరించకూడదని చట్టం చేసింది. ఫ్రాన్సులో 2017 నుంచే పనివేళ దాటాక ఫోను కట్టేసుకునే హక్కు ఉంది. మన దగ్గర 2020 డిసెంబర్ 31న కేంద్రం వెలువరించిన సేవారంగ నమూనా నిబంధనల ముసాయిదా మాత్రం యజమాని ఇంటి నుంచి పనిని ‘అనుమతించవచ్చు’ అన్నది. అనుమతి దగ్గరే మన వాక్యం ఆగిపోతుంది. ఖర్చు దాకా పోదు.

నాలుగోది, కలిసే చోటు. బీడీ పనిలో ఒక మేలు ఉండేది. రోజూ గంప ఎత్తుకుని కార్ఖానాకు పోవలసి రావడం. ఆ వరుసలో నిలబడ్డప్పుడే ఎవరికి ఎంత ఆకు ఇచ్చారో, ఎవరివి ఎన్ని పక్కన పెట్టారో ఒకరికొకరు చెప్పుకునేవారు. సంఘం పుట్టింది ఆ వరుసలోనే. లాప్‌టాప్ పనిలో ఆ వరుస లేదు. పక్కవాళ్ళ జీతం తెలియదు, పక్కవాళ్ళ ఎర్రచుక్క కనబడదు. అందుకే ఇంటికి దగ్గరలో, ఇల్లు కాని చోటు కావాలి. ఆంధ్రప్రదేశ్ ప్రకటనలో పొరుగునే కూర్చుని పనిచేసుకునే కేంద్రాల మాట కూడా ఉంది. ఆ భాగాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. సిద్దిపేటలో 2023 జూన్‌లో ఐటీ టవర్ ప్రారంభించారు. అటువంటి భవనంలో ఒక అంతస్తు, పిల్లల సంరక్షణ కేంద్రంతో సహా, ఊళ్ళో ఉండి ఎక్కడో ఉన్న కంపెనీకి పనిచేసే ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఇవ్వాలని అడుగుదాం.

ఉద్యోగుల వైపు చేయవలసింది ఏమీ లేదా? ఉంది. మన లెక్క మనం రాసుకోవాలి. ఏ రోజు ఏం చేశాం, ఏది ఎందుకు ఆగింది అన్నది ఆగినరోజే చెప్పాలి. చివరి రోజుదాకా దాచి రాత్రంతా కూర్చుని పూర్తి చేయడం గొప్పతనం కాదు. దానివల్ల మన తర్వాత వచ్చేవాళ్ళకు కూడా అదే కొలత అవుతుంది. కొత్తగా చేరిన అమ్మాయికి ఆఫీసులో పక్క కుర్చీ నేర్పే సంగతులు తెర మీద ఎవరో కూర్చుని నేర్పాలి. ఆ నేర్పిన గంటలు కూడా పనిలో రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మన వెనక ఉన్న చేతులను మాయం చేయకూడదు. మనం మీటింగులో ఉన్నప్పుడు బిడ్డను ఎత్తుకునే అమ్మ, అత్త, పనికి వచ్చే ఆమె… వాళ్ళూ మన వెయ్యిలో మడిచేవాళ్ళే. మా అక్క కూతురు పనికి వచ్చే ఆమె కూలిని తన జీతంతోపాటు ఏటా పెంచుతుంది. భర్త మాత్రం అదే ఇంట్లో, అదే లాప్‌టాప్ ముందు, తలుపేసుకుని కూర్చుంటాడు. ఆ తలుపు సంగతి ఏ కంపెనీ పాలసీలోనూ రాయరు. అది మనం ఇళ్ళల్లో తేల్చుకోవలసిందే.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు. 2020లో ఆన్‌లైన్ క్లాసులు చెప్పినప్పుడు నేను పనిచేసిన కాలేజీలో ప్రతి క్లాసుకూ తెర ఫోటో తీసి పంపమన్నారు. ఇరవై ఏళ్ళుగా పాఠం చెప్తున్నదానికి పాఠం చెప్పినట్టు రుజువు కావాలట! ఒప్పంద ఉద్యోగులమంతా కిమ్మనకుండా పంపాం. ఆ ఫోటోలను ఎవరూ తెరిచి చూడలేదన్నది తర్వాత తెలిసింది. చూడటం వాళ్ళ ఉద్దేశమే కాదు. చూస్తారేమోనని మనం భయపడితే చాలు. ఇవాళ మనలో కొందరు విభాగాధిపతులు, ప్రిన్సిపాళ్ళు అయ్యారు. ఇప్పుడు మన చేతి కింద పనిచేసేవాళ్ళను మనం ఎలా నమ్ముతున్నామన్నది మన స్త్రీవాదానికి కూడా పరీక్షే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ కోసం 177వ ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంట్లో చేసినా బయట చేసినా పని పనే, కూలిలోనూ భద్రతలోనూ సమానంగా చూడాలన్నది దాని సారం. దానికోసం పట్టుబట్టినవాళ్ళలో మన దేశపు ‘సేవా’ సంస్థ ఆడవాళ్ళు ముందున్నారు. భారతదేశం మాత్రం దాన్ని ధ్రువీకరించలేదు. బీడీల ఆమె, లేసు ఆమె, లాప్‌టాప్ ఆమె కలిసి అడగవలసిన మొదటి సంగతి అదే.

బీడీల పనిలో లెక్క పుస్తకం ఎప్పుడూ కార్ఖానావాడి దగ్గరే ఉండేది. పోరాడి రెండో పుస్తకం తెచ్చుకున్నారు, ఇంటికి తెచ్చి దూలానికి చెక్కుకునేది. రెండు పుస్తకాల్లో అంకె ఒక్కటే ఉంటే అది నమ్మకం. ఒకే పుస్తకం ఉండి, అదీ వాడి చేతిలో ఉంటే దాన్ని నమ్మకం అనరు, దయ అంటారు. దయ మీద బతకడానికి మనం ఇంటిపట్టున కూర్చోలేదు.